విశ్వవిద్యాలయం బోర్డు కట్టేముందు పాత బీరువాలు తెరవండి: కాథలిక్ విద్యాసంస్థల పెద్దలకు బహిరంగ లేఖ

తెలుగు రాష్ట్రాల్లో కాథలిక్ కళాశాలలు నడుపుతున్న సన్యాస సభల ప్రొవిన్షియళ్లకు (ప్రాంతీయ అధిపతులకు), మేత్రాసనాల (బిషప్ పాలించే ప్రాంతాల) పీఠాధిపతులకు, కళాశాలల పాలకమండళ్లకు, వాటిని ప్రైవేటు విశ్వవిద్యాలయాలుగా మార్చాలని ఆలోచిస్తున్న పెద్దలందరికీ,

నమస్కారం.

మాలో గ్రంథాలయాల్లో పనిచేసేవాళ్లు, పాత కాగితాల భద్రత పని తెలిసినవాళ్లు, తెలుగు అధ్యాపకులు, విచారణల్లో (ఒక్కో గురువు చూసే స్థానిక చర్చి పరిధుల్లో) రిజిస్టర్లు రాసే ఉపదేశులు ఉన్నారు. మీ క్యాంపస్‌లలో, విచారణల్లో ఉన్న పాత రిజిస్టర్లు, ఉత్తరాలు, తాళపత్రాలు పాడవకుండా కాపాడమని అడగడానికే ఈ లేఖ. ఇక్కడ రాస్తున్నవన్నీ ఇదివరకే వినతిపత్రాలుగా మీలో పలువురికి అందాయి. ఆదరంగానే తీసుకున్నారు. "తప్పకుండా చూద్దాం" అన్నారు. ఆ తర్వాత కాగితం మీద ఒక్క ముక్క జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ పెడుతున్నాం. ఏ సంస్థ పేరూ ఎత్తడం లేదు. చెప్పబోయేది ఇంచుమించు ప్రతి క్యాంపస్‌కూ వర్తిస్తుంది. చదువు రంగంలో మీ సేవ ఎంతటిదో మీ పూర్వవిద్యార్థులే చెబుతారు, మేం కొత్తగా పొగడక్కర్లేదు.

"మన మతవారసత్వం" అన్న మాట ప్రతి కళాశాల బ్రోషరులోనూ ఉంటుంది. పక్కన ప్రార్థనాలయం ఫొటో ఉంటుంది. కానీ తెలుగు కాథలిక్కుల వారసత్వంలో పెద్ద వంతు ఫొటోకు ఎక్కేది కాదు. 'జ్ఞానస్నానం' అన్న ఒక్క మాట తీసుకోండి. ప్రొటెస్టెంటు సంఘాల్లో దాన్ని బాప్తిస్మం అంటారు. మన గుళ్లలో జ్ఞానస్నానం, సత్ప్రసాదం (పూజలో ఇచ్చే రొట్టె), వరప్రసాదం (దేవుని కృప) అంటారు. తమిళనాట యేసుసభ (జెసూట్) గురువు నోబిలి వేసిన బాటను పట్టుకుని, 18వ శతాబ్దంలో సన్యాసి వేషాలతో పుంగనూరు, బళ్లాపురం ప్రాంతాల్లో తిరిగిన కర్ణాటక మిషన్ యేసుసభ గురువుల కాలం నుంచి ఈ పలుకుబడి తెలుగులో నిలిచింది. బైబిల్లోని తోబియా కథను పింగళి ఎల్లనార్యుడు, క్రీస్తు చరిత్రను 'వేదాంత రసాయనము'గా మంగళగిరి ఆనందకవి తెలుగు కావ్యాలు చేశారు. మీ కళాశాలల్లో తెలుగు సాహిత్యం చదివే పిల్లల్లో ఈ రెండు పేర్లు ఎందరికి తెలుసో ఒకసారి అడిగి చూడండి.

ఆ మిషన్ గురువుల్లో గాస్తోఁ కూర్దూ ఒకరు. తెలుగు–ఫ్రెంచి–సంస్కృత నిఘంటువు కూర్చిన మనిషి. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ చుట్టరికం ఉందని పోలికలు చూపిస్తూ 1767లో పారిస్ అకాడమీకి రాసి పంపారు. అది అచ్చయింది 1808లో. ఈలోగా 1786లో విలియం జోన్స్ కలకత్తాలో అదే సంగతి చెప్పారు, పేరు ఆయనకు దక్కింది. కూర్దూ కాగితానికి చెద పట్టలేదు, అది తడవనూ లేదు. 41 ఏళ్లు ఎవరూ దాన్ని అచ్చుకు ఇవ్వలేదు, అంతే. చెద పట్టే చోట, తడిసే చోట ఉన్న కాగితాల సంగతి ఈ లేఖ.

1773లో యేసుసభను రద్దు చేసినప్పుడు ఆ మిషన్ కాగితాలు చెల్లాచెదురయ్యాయి. 19వ శతాబ్దంలో వేర్వేరు సభలు వచ్చాయి. హైదరాబాద్ వైపు ఇటలీ నుంచి పీమే సభ, విశాఖ వైపు సవాయ్ (ఇప్పటి ఫ్రాన్సులో ఉంది) నుంచి ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ, నెల్లూరు–గుంటూరు వైపు 1875 నుంచి మిల్‌హిల్ సభ. మేత్రాసనాలు కూడా ఒకదాన్నుంచి ఒకటి చీలుతూ వచ్చాయి. మద్రాసు నుంచి నెల్లూరు 1928లో, హైదరాబాద్ నుంచి బెజవాడ 1933లో (మేత్రాసనం అయింది 1937లో), నెల్లూరు నుంచి గుంటూరు 1940లో. కనుక గుంటూరు జిల్లాలోని ఒక పల్లె పాత ఉత్తరాల కోసం గుంటూరు, నెల్లూరు, చెన్నై మూడు చోట్లా వెతకాల్సి రావచ్చు. ఏది ఎక్కడుందో చెప్పే ఉమ్మడి జాబితా ఒక్కటైనా మీ దగ్గర ఉంటే చూపించమని అడుగుతూనే ఉన్నాం.

ఇక అసలు సంగతులు.

1. ముందుగా జ్ఞానస్నాన రిజిస్టర్లు. ఇవి విచారణల సొత్తు, కళాశాలకేం సంబంధం అంటారేమో. విచారణ గురువు దగ్గర రసాయనశాల లేదు, కెమెరాలు లేవు, లాటిన్ చదివేవాళ్లు లేరు, తేమ కొలిచే పరికరం లేదు. మీ దగ్గర ఇవన్నీ ఉన్నాయి, లేదా నెల రోజుల్లో సమకూర్చుకోగలరు. సంబంధం అదీ.

కాథలిక్ చర్చి చట్టం 'కానన్ లా'లోని 535వ నిబంధన ప్రకారం ప్రతి విచారణలో జ్ఞానస్నాన, వివాహ, మరణ రిజిస్టర్లు ఉండాలి, పాతవాటిని జాగ్రత్తగా కాపాడాలి. జ్ఞానస్నాన పద్దు ఒకసారి రాసి మూసేసేది కాదు. ఆ మనిషికి భద్రమైన అభ్యంగనం (కన్ఫర్మేషన్) జరిగినా, పెళ్లయినా, గురుపట్టం వచ్చినా, మఠంలో నిత్య మాటపట్టు (జీవితాంతపు సన్యాస ప్రతిజ్ఞ) ఇచ్చినా అదే పద్దు పక్కన అంచులో రాస్తారు. పెళ్లి వేరే ఊళ్లో జరిగితే అక్కడి నుంచి కబురు వస్తుంది, దాన్ని ఇక్కడ ఎక్కిస్తారు. మళ్లీ పెళ్లి మాట వచ్చినప్పుడు గురువు మొదట చూసేది ఆ రెండంగుళాల అంచునే. పేజీ మధ్యలో ఉన్న పద్దు ఎంత ముఖ్యమో పక్కన చిన్న అక్షరాల్లో ఉన్న "వివాహం, ఫలానా తేదీ, ఫలానా విచారణ" కూడా అంతే ముఖ్యం.

ఇప్పుడు ఆ పుస్తకం అట్ట ఊడిపోయిందని బైండింగుకు ఇస్తారు. బైండరు తప్పేమీ లేదు, నోటుపుస్తకం అయినా రిజిస్టరు అయినా అతనికి ఒకటే. కుట్టి, అతికించి, అంచులు సమంగా రావాలని మూడు వైపులా కటింగ్ మిషన్ కింద పెడతాడు. అరంగుళం పోతుంది. ఆ అరంగుళంతో పాటు కొందరి పెళ్లిళ్లూ పోతాయి. పుస్తకం మాత్రం కొత్తగా, చక్కగా కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. పాతికేళ్ల తర్వాత ఎవరో ధ్రువపత్రం అడిగితే "అవివాహితుడు" అని నిజాయితీగానే రాసిస్తారు.

పేర్ల చిక్కు ఇంకొకటి. పాత రిజిస్టర్లు లాటిన్‌లో ఉంటాయి. ఇంట్లో రాయప్ప, పుస్తకంలో పేత్రుస్. చిన్నప్ప అక్కడ పౌలుస్, ఇన్నయ్య ఇగ్నాసియుస్, శౌరయ్య క్సావేరియుస్. ఆధార్ కార్డు మీదా పొలం పాసుపుస్తకం మీదా ఉన్నది రాయప్పే. తండ్రి పేరు రుజువు చేసుకోవాల్సిన కొడుకు పేత్రుస్ అని ఉన్న నకలు పట్టుకెళితే ఆఫీసులో వెనక్కి పంపుతారు. ఈ జంటపేర్లకు నాలుగు పేజీల పట్టిక వేసి ప్రతి విచారణకూ ఇవ్వడం మీ తెలుగు శాఖకు వారం రోజుల పని.

2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకు పుట్టిన తేదీ రుజువుగా జనన ధ్రువపత్రమే చాలు, అదే కావాలి. కానీ అరవై, డెబ్భై ఏళ్ల క్రితం పల్లెల్లో పుట్టిన చాలామందికి పంచాయతీలో నమోదు లేదు, బడి రికార్డు లేదు. వాళ్ల వయసు గురించి అప్పుడే రాసిపెట్టిన కాగితం ఏదైనా ఉంటే అది ఆ రిజిస్టరులోని ఒక వరుస. అది చెరిగిపోతే పింఛను, వారసత్వ ధ్రువపత్రం, ఆలస్యపు జనన నమోదు, అన్నింటికీ ఆ ఇంటివాళ్లు మండలాఫీసు చుట్టూ తిరగాలి.

2. రిజిస్టర్లు ఎలా పాడవుతున్నాయో చెబుతాం. చాలావరకు పాడుచేస్తున్నది మంచి ఉద్దేశమే.

పాత సిరా కరక్కాయ–అన్నభేది జాతిది. దొరలు వాడిన నీలి–నలుపు సిరా కూడా ఇనుము కలిసినదే. అందులోని ఆమ్లం, ఇనుము కలిసి కాగితాన్ని లోపలి నుంచి తింటాయి. ముందు అక్షరం చుట్టూ గోధుమరంగు వలయం వస్తుంది, తర్వాత వెనకవైపు గీత కనిపిస్తుంది, చివరికి అక్షరం ఉన్నచోట అక్షరం ఆకారంలో కంత పడుతుంది. ఇలాంటి పేజీని తడిగుడ్డతో తుడిస్తే ఇనుము చుట్టుపక్కలకు పాకి కంత పెద్దదవుతుంది.

చిరిగిన పేజీకి సెల్లోటేపు వేస్తారు. పదేళ్లు తిరిగేసరికి టేపు ఊడిపోతుంది, జిగురు మాత్రం కాగితంలోకి ఇంకి పసుపు మరకగా మిగిలిపోతుంది. మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు. పురుగు రాకపోవచ్చు, కానీ తుత్తంలోని రాగి కాగితాన్ని త్వరగా పెళుసు చేస్తుంది. కలరా ఉండలు వేస్తారు. గాలి ఆడే బీరువాలో వాటితో పురుగులు చావవు, ఆ ఆవిరి పీల్చేది రోజూ అక్కడ కూర్చునే గుమాస్తా. అన్నిటికంటే ఘోరం లామినేషన్. జిరాక్సు షాపులో 120 డిగ్రీల వేడి మీద ప్లాస్టిక్‌లో అతికించిన పేజీని మళ్లీ విడదీయడం దాదాపు అసాధ్యం. లోపలి ఆమ్లం బయటికి పోయే దారి లేక పని కానిస్తూనే ఉంటుంది.

చేయాల్సింది చాలా తక్కువ. మెత్తటి బ్రష్‌తో పేజీ వెన్ను నుంచి బయటికి దుమ్ము దులపాలి. చిరుగుకు జపాన్ కాగితం పీలిక, జల్లించిన గోధుమ గంజి చాలు. దాన్ని ఎప్పుడైనా తడి చేసి తీసేయవచ్చు. ఇనుప సిరా కంతలు పడిన పేజీని మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు, ముందు ఫొటో తీసి పక్కన పెట్టాలి. ఉతికిన గంజి లేని నూలు గుడ్డలో చుట్టి, పెట్టెలో పడుకోబెట్టి ఉంచాలి. పెద్ద రిజిస్టరును నిలబెడితే దాని బరువే దాని వెన్ను విరుస్తుంది.

3. తేమ. కోస్తా జిల్లాల్లో వానకాలం గదిలో తేమ 75, 80 శాతం దాటడం మామూలు. 65 దాటితే బూజుకు పండగే. 45–55 శాతం మధ్య నిలపాలి. 60 లోపు నిలకడగా ఉంటే దానితోనూ సర్దుకోవచ్చు. ఇక్కడ ఒక పొరపాటు తరచూ జరుగుతోంది. పాత పుస్తకాల గదికి ఏసీ పెట్టి, ఉదయం 9కి వేసి సాయంత్రం 5కి ఆపేస్తారు. చల్లబడిన అట్టల మీద రాత్రి ఉక్కపోత గాలి తగిలి చెమ్మ పడుతుంది. రోజుకోసారి తడిపి ఆరబెట్టినట్టే. అలాంటి ఏసీ కంటే పొడి రోజుల్లో కిటికీ, సీలింగ్ ఫ్యాను, తేమ రోజుల్లో కిటికీ మూసి చిన్న తేమ తీసే యంత్రం నయం. గోడకు ఒక తేమ మీటరు కట్టి రోజుకు రెండుసార్లు రాసిపెట్టండి. ఖర్చు వెయ్యి రూపాయలు దాటదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడలో ఏం చేసిందో అందరం చూశాం. అలాంటి రోజు తడిసిన రిజిస్టరుకు మీ చేతిలో ఉండే గడువు 48 గంటలు. ఆ తర్వాత బూజు. ఎండలో ఆరబెడితే పేజీలు వంకర్లు పోయి సిరా పాలిపోతుంది. ఇస్త్రీ చేసినవాళ్లూ ఉన్నారు, ఆ మాట ఎత్తకపోవడమే మేలు. కొద్ది పుస్తకాలే అయితే పేజీల మధ్య తెల్ల అద్దుడు కాగితం పెట్టి గంటగంటకు మారుస్తూ ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. పదుల సంఖ్యలో ఉంటే తడిసినవాటిని తడిసినట్టే పాలిథిన్‌లో చుట్టి గడ్డకట్టించాలి. మిరపకాయల కోల్డ్ స్టోరేజీ పనికిరాదు, అక్కడ గడ్డకట్టేంత చలి ఉండదు. రొయ్యలు గడ్డకట్టించే ప్లాంట్లలో మైనస్ 18, 20 డిగ్రీలు ఉంటుంది. నెల్లూరు, భీమవరం, కాకినాడ వైపు అలాంటి ప్లాంట్లకు కొదవ లేదు. గడ్డకట్టిన పుస్తకం నెలలపాటు ఆగుతుంది, తీరిగ్గా ఒక్కొక్కటీ ఆరబెట్టుకోవచ్చు. వరద వచ్చిన రాత్రి ఫోన్ చేస్తే ఆ ప్లాంటు యజమాని ఒప్పుకోడు. ముందే ఒక ఉత్తరం రాసి ఒప్పందం చేసుకోవాలి.

పొడి పుస్తకంలో పురుగు ఉన్నా ఇదే వైద్యం. గాలి చొరకుండా పాలిథిన్‌లో మూసి మైనస్ 20 దగ్గర వారం రోజులు. బయటికి తీశాక 24 గంటలు కవరు విప్పకూడదు, విప్పితే చెమ్మ పడుతుంది.

4. తాళపత్రాలు ఉన్న క్యాంపస్‌లు కొన్నే. ఉన్నచోట వాటిని అద్దాల పెట్టెలో ట్యూబ్‌లైటు కింద పెట్టి "ప్రాచీన గ్రంథం" అని చీటీ అంటించారు. అందులో ఏముందో చదివినవాళ్లు లేరు. ఆకు ఎండితే కంత దగ్గర చీలుతుంది. దారం బిగించి కట్టడం దానికి తోడు. ఆకులు విసనకర్రలా విప్పుకోగలిగేంత వదులుగా నూలు దారం ఉండాలి, పైనా కిందా ఆకు కంటే కొంచెం పెద్దవైన చెక్క పలకలు ఉండాలి. కొబ్బరినూనె, వేరుశనగ నూనె రాస్తే జిడ్డుకు దుమ్ము పడుతుంది. నిమ్మగడ్డి నూనె కూడా తెలిసినవాళ్లు, ముందు ఒక ఆకు మూల పరీక్షించి, పలచగా రాయాలి. మసి పోయి గంటం గీతలే మిగిలిన ఆకులకు మళ్లీ మసి పూయాలన్న తొందర వద్దు. పక్క నుంచి ఏటవాలుగా వెలుతురు పడేలా లైటు పెట్టి ఫొటో తీస్తే గీతల నీడలు పడి అక్షరాలు వాటంతటవే లేస్తాయి. ఎడమ అంచున తెలుగు అంకెల్లో ఆకు సంఖ్య ఉంటుంది. కట్ట విప్పేముందు ఆ వరుస రాసుకోకపోతే మళ్లీ కూర్చడం ఒక పరిశోధనే.

5. ఇది నేరుగా మీ స్వప్రయోజనం. కాస్త నిదానంగా చదవండి.

ఆంధ్రప్రదేశ్‌లో 2016, తెలంగాణలో 2018 ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టాల కింద కళాశాల విశ్వవిద్యాలయం అయితే తమ విద్యాసంస్థలు తామే స్థాపించి నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణం ఇచ్చిన మైనారిటీ హక్కు నిలుస్తుందా అన్న భయం మీలో చాలామందికి ఉంది. 2024 నవంబరు 8న అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 4–3 మెజారిటీతో 1967 నాటి అజీజ్ బాషా తీర్పును పక్కన పెట్టింది. చట్టం ద్వారా ఏర్పడింది అన్న ఒక్క కారణంతో మైనారిటీ హోదా పోదంది. మరి ఎవరు స్థాపించారో ఎలా తేల్చాలి? ఆలోచన ఎవరిది, డబ్బు, భూమి ఎక్కడి నుంచి వచ్చాయి, అమలు చేసింది ఎవరు అన్నది చూడాలంది. అప్పటి ఉత్తరప్రత్యుత్తరాలు, తీర్మానాలు సాక్ష్యంగా చూడవచ్చంది.

ఆ సాక్ష్యం మీ దగ్గర ఎక్కడుంది? గురునివాసంలో మెట్ల కింది గదిలో ఉంది. ఇంటి చరిత్ర పుస్తకాలు, రోజువారీ దినచర్య, కలెక్టరుకు రాసిన ఉత్తరాల నకళ్లు, చందా రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, దాన పత్రాలు, పునాదిరాయి వేసిననాటి గాజు నెగటివ్‌లు, అన్నీ పాత ప్రశ్నపత్రాలతో, విరిగిన కుర్చీలతో కలిసి ఉన్నాయి. రెక్టరు మారినప్పుడల్లా ఆ గది ఖాళీ చేయిస్తారు. పాత కాగితాలవాడు కిలోల లెక్కన తూచుకుని పట్టుకుపోతాడు. రేపు కోర్టులో "ఈ కళాశాలను మా సమాజమే స్థాపించింది" అనడానికి మీకు కావలసిన చందా రసీదు ఈపాటికి పకోడీల పొట్లం అయి ఉండవచ్చు.

దీని దెబ్బ యాజమాన్యం మీదే పడదు. మైనారిటీ కోటాలో సీటు వచ్చే పేద కాథలిక్ పిల్లల మీద, ఆ హోదా మీద ఆధారపడిన నియామకాల మీద పడుతుంది.

పేరు సంగతి కూడా. 'కాథలిక్ విశ్వవిద్యాలయం' అన్న పేరు పెట్టుకోవాలంటే కానన్ 808 ప్రకారం తిరుసభ (కాథలిక్ చర్చి) అధికారుల సమ్మతి కావాలి. 1990 ఆగస్టు 15న రెండో జాన్ పాల్ పోపుగారు ఇచ్చిన 'ఎక్స్ కోర్దె ఎక్లేసియె' అనే పత్రం ఆ పేరుతో వచ్చే బాధ్యతలు చెబుతుంది. సమ్మతి ఇచ్చే పీఠాధిపతులను మేం అడిగేది ఒక్కటే: పునాది నాటి కాగితాల జాబితా చూపని సంస్థకు ఆ సమ్మతి ఇవ్వకండి.

6. ప్రార్థనాలయాలు, విగ్రహాలు. గానుగ సున్నంతో కట్టిన పాత గోడకు సిమెంటు పూత వేస్తే లోపలి చెమ్మ బయటికి రాలేక పైకి ఎగబాకుతుంది, ఉప్పు పొరలు పొరలుగా రాలుతుంది. సున్నం గోడకు సున్నమే వేయాలి. పాత చెక్క స్వరూపాలకు ప్రతి పండక్కీ ఎనామెల్ పెయింటు వేయడం ఆపండి. కానన్ 1189 ప్రకారం అపురూపమైన స్వరూపాలను బాగుచేయడానికి అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. పెయింటరు కంటే ముందు తెలిసినవాళ్లను పిలవాలని దాని అర్థం.

7. స్కానింగు గురించి రెండు భయాలు. సరిగా చేయరేమోనన్నది ఒకటి. చేశాక నెట్‌లో పెట్టేస్తారేమోనన్నది రెండోది, అది పెద్దది.

మొదటిది. ఫోన్ స్కానర్ యాప్ వద్దు. అది అంచును తనంతట తానే కత్తిరిస్తుంది (బైండరు చేసిన పనే), తెల్లగా చేయబోయి పెన్సిలు రాతను, వెలిసిన సిరాను చెరిపేస్తుంది. ఫ్లాట్‌బెడ్ స్కానరు మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. పుస్తకాన్ని 100–110 డిగ్రీలే తెరిచి, ఊయల లాంటి చట్రంలో ఉంచి, పైనుంచి కెమెరాతో తీయాలి. ముందు పెన్సిలుతో పేజీ సంఖ్యలు వేయాలి, ఖాళీ పేజీ కూడా తీయాలి, పక్కన రంగుల పట్టీ, స్కేలు కనిపించాలి. ఫుల్‌స్కేప్ రిజిస్టరు రెండు పేజీలు కలిపి 400 డీపీఐ దగ్గర తీస్తే ఒక్క టిఫ్ ఫైలు దాదాపు 100 ఎంబీ. 300 పేజీల రిజిస్టరు 150 ఫొటోలు, 15 జీబీ. రెండు వందల రిజిస్టర్లకు 3 టీబీ. ఇద్దరు మనుషులు రోజుకు 400 ఫొటోలు తీస్తే 75 పనిదినాలు. ఒక మేత్రాసనంలోని ముఖ్యమైన పాత రిజిస్టర్లు ఒక సెమిస్టరులో అయిపోతాయి. మూడు నకళ్లు ఉండాలి, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే ఊళ్లో.

రెండోది. జ్ఞానస్నాన రిజిస్టరు చరిత్ర మాత్రమే కాదు, బతికున్నవాళ్ల మీద సాక్ష్యం కూడా. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడికి ఎస్సీ హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలు బీసీ–సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌లో ఉన్నారు. ఏ కుటుంబంలో ఎవరికి ఎప్పుడు జ్ఞానస్నానం అయిందో వెతుక్కునే పట్టిక నెట్‌లో ఉంటే, దాన్ని తెరిచేవాళ్లందరూ పరిశోధకులు కారు. అందుకని పేర్ల సూచిక నెట్‌లో పెట్టకూడదు. బతికున్నవాళ్ల పద్దులు వాళ్లకు, లేదా వాళ్లు రాసిచ్చినవాళ్లకు మాత్రమే. ఉచితంగా స్కాన్ చేసిస్తామని వచ్చే బయటి వంశవృక్ష సంస్థలకు పుస్తకాలు ఇవ్వకూడదు. 2008లో రోమ్ నుంచి ఈ విషయంలోనే హెచ్చరిక వచ్చింది. పూర్తిగా పాతబడిన పద్దులు ఎప్పటి నుంచి తెరవాలో ఒక తేదీ నిర్ణయించి రాసిపెట్టండి.

మేం కోరుతున్నవి:

అ) ప్రతి కళాశాలలో ఒక అర్హత గల పత్రభద్రపాలకుడు (ఆర్కైవిస్టు), ఇద్దరు సహాయకులు. అదనపు బాధ్యతగా లైబ్రేరియన్ మీద వేయడం కాదు, జీతంతో కూడిన పోస్టులు.

ఆ) ఆరు నెలల్లో జాబితా. ఏముంది, ఏ భాషలో, ఏ ఏడు నుంచి ఏ ఏటిదాకా, ఎన్ని పేజీలు, ఏ స్థితిలో ఉంది అన్న ఐదు గడులు చాలు. కానన్ 491 విచారణల పత్రాలకు రెండు ప్రతుల జాబితా అడుగుతోంది, ఒకటి అక్కడ, ఒకటి మేత్రాసనంలో. 1997లో తిరుసభ పత్రాలయాల గురించి, 1999లో జాబితాల అవసరం గురించి రోమ్ ప్రత్యేకంగా లేఖలు రాసింది. మేం కొత్తగా కోరుతున్నదేమీ లేదు.

ఇ) జాబితా పూర్తయ్యేదాకా బైండింగు, లామినేషన్, పాత కాగితాల అమ్మకం మీద నిషేధం. ఒక సర్క్యులర్ చాలు.

ఈ) విచారణల కోసం ఉమ్మడి మరమ్మతు గది. ఏ మేత్రాసనానికి దగ్గరలో ఉన్న కళాశాల ఆ మేత్రాసనం పని చూసుకోవాలి. విచారణ నుంచి రుసుము తీసుకోకూడదు.

ఉ) ధ్రువపత్రం అడిగిన మనిషికి 15 రోజుల్లో నకలు, లాటిన్ పేరు పక్కన తెలుగు పేరుతో. పద్దు పాడైపోతే "దొరకలేదు" అని నోటిమాటతో పంపేయకుండా, ఏ పేజీ ఏ స్థితిలో ఉందో రాసి సంతకంతో ఇవ్వాలి. ఆ కాగితం ఉంటే మండలాఫీసులో వేరే సాక్ష్యం చూపించుకునే దారి దొరుకుతుంది.

ఊ) తెలుగు, చరిత్ర శాఖల్లో కర్ణాటక మిషన్ కాలపు రచనల మీద ఒక పేపరు, పాత లిపి చదవడం, ప్రాథమిక లాటిన్ నేర్పే ఒక సర్టిఫికెట్ కోర్సు. చదివేవాళ్లు లేకపోతే స్కాన్ చేసినవీ చదవని బొమ్మలే.

60 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వాలని కోరుతున్నాం. ఒప్పుకోనివి ఉంటే ఎందుకు ఒప్పుకోరో కూడా రాయండి, దాన్నీ ఈ లేఖలాగే అందరికీ తెలియజేస్తాం. కూర్చుని మాట్లాడదామంటే, మెట్ల కింది గది తాళంచెవి దగ్గర పెట్టుకుని పిలవండి.

పై కోరికల్లో కొన్నిటికి బడ్జెటు కావాలి, మండలి తీర్మానం కావాలి, తెలుసు. రిజిస్టర్లను బీరువా అడుగు అర నుంచి తీసి పై అరల్లోకి మార్చడానికి, బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. వానలు పడేలోపు ఆ పని ఈ వారమే చేయించండి.

ఇట్లు,
తెలుగు కాథలిక్ పత్రాలు, రిజిస్టర్ల భద్రత కోరే గ్రంథాలయ సిబ్బంది, అధ్యాపకులు, ఉపదేశులు